పెళ్ళిచూపులు మా ఇంట్లో వద్దు

మొన్న సంక్రాంతికి మా మేనకోడలు హైదరాబాదు నుంచి వచ్చి, మూడు రోజులూ మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని 'ఫ్రెండ్స్' అనే పాత అమెరికా సీరియల్ చూస్తూ గడిపింది. 1994లో మొదలైన సీరియల్, ఈ పిల్లకంటే పెద్దది. ఒకచోట పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటున్నదాన్ని నేనూ తలెత్తి చూశాను.

కథ ఆ పిల్లే చెప్పింది. రాస్, రేచల్ అని ఇద్దరు ఒకప్పుడు ప్రేమించుకుని విడిపోయారు. వాళ్ళను మళ్ళీ కలపాలని స్నేహితులిద్దరు ఎత్తు వేస్తారు. ఇద్దరికీ చెరొక పనికిమాలిన సంబంధం చూసి పంపిస్తే, లోకంలో ఇంతకంటే మంచివాళ్ళు దొరకరని తెలిసొచ్చి ఒకరి దగ్గరికొకరు చేరతారని వాళ్ళ ఆలోచన. "బ్లైండ్ డేట్ అంటారత్తా, ముక్కూ మొహం తెలియనివాళ్ళను కలవడానికి వెళ్ళడం" అంది. రాస్ హోటల్లో బల్ల ముందు కూర్చుని ఎదురుచూస్తుంటాడు. అమ్మాయి రాదు. వడ్డించేవాళ్ళు, వీడు ఎన్నింటికి ఆశ వదులుకుని లేచిపోతాడా అని తమలో తాము పందెం కట్టుకుంటారు. 2003లో వచ్చిన ఎపిసోడట.

"ఆపవే" అన్నాను.

"ఏం అత్తా, నవ్వు రాలేదా?"

"ఆ వేషం నేనూ వేశాను. మీ నాన్న పందెం కూడా కట్టాడు."

1988, మాఘమాసం. మాది చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే దారిలో ఒక ఊరు. అప్పట్లో గుంటూరు జిల్లా ఎక్కడ ఆగేదో, ప్రకాశం ఎక్కడ మొదలయ్యేదో అక్కడి నల్లరేగడికి తెలిసేది కాదు, పత్తికీ తెలిసేది కాదు. ఆ ఏడు తెలియడానికి అసలు పత్తే లేదు. తెల్లదోమ పట్టి ఆకులు బంక కారి, మసి పూసినట్టు నల్లబడ్డాయి. మందు కొట్టినకొద్దీ దోమ పెరిగింది, దోమతోపాటు మందుల కొట్లో ఖాతా పెరిగింది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ మందే తాగి పోయిన రైతులున్నారు. అలాంటి ఏడాదిలో మా నాన్న నాకు సంబంధాలు చూశాడు. చూడక ఏం చేస్తాడు, నాకు ఇరవై రెండేళ్ళొచ్చాయి, టీచర్ ట్రైనింగ్ అయిపోయి ఇంట్లో కూర్చున్నాను.

మా బాబాయి తెచ్చిన సంబంధం అది. నాలుగింటి బస్సుకు దిగుతామని కబురు. అమ్మ రవ్వకేసరి చేసి, బజ్జీలకు మిరపకాయలు చీల్చి వాము కూరి పెట్టింది. మూడిళ్ళ కుర్చీలు మా వసారాలోకి చేరాయి. పక్కింటి పిన్ని స్టీలు గ్లాసుల సెట్టు, దాంతోపాటు తన కొత్త దుప్పటి కూడా ఇచ్చింది. మా నవారు మంచం మీద అది పరిస్తే మంచమే మాది కాదేమో అనిపించింది. నాకు అమ్మ పెళ్ళిపట్టుచీర కట్టి, కనకాంబరాలు పెట్టి, లోపలి గదిలో పీట మీద కూర్చోబెట్టారు. చీర నలగకూడదని ఆనుకోనివ్వలేదు. మా తమ్ముణ్ణి బస్సు దగ్గర కాపలా పెట్టారు.

నాలుగింటి బస్సు వచ్చింది. వాళ్ళు రాలేదు. ఐదున్నర బస్సు. మొదటి వాయి బజ్జీలు చల్లారి తోలులా సాగుతున్నాయి, అమ్మ వాటిని మళ్ళీ నూనెలో వేసింది. గోడ అవతల తలకాయలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. "వచ్చారా వదినా?" అంటే "వస్తున్నారు" అని అమ్మ. ఏడింటి బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. నాన్న బయట అరుగు మీద కూర్చుని చుట్ట మీద చుట్ట కాల్చాడు.

నేను పీట మీద నుంచి లేచి పెరట్లోకి వెళ్ళాను. పట్టుచీరలో నన్ను ఎప్పుడూ చూడని మా గేదె బెదిరి పలుపు తెంపుకుంది.

వారం తర్వాత 15 పైసల కార్డు వచ్చింది. అనివార్య కారణాల వల్ల రాలేకపోయామని, అన్యథా భావించవద్దని. అనివార్య కారణం చిలకలూరిపేటలోనే ఉందని తర్వాత తెలిసింది. అక్కడ బస్సు మారేచోట ఇంకో సంబంధం తగిలిందట, నాలుగెకరాల మాగాణి ఎక్కువ. పదేళ్ళ తర్వాత మా తమ్ముడు తాపీగా చెప్పాడు. ఆ సాయంత్రం బస్సు దగ్గర పిల్లలంతా వస్తారా రారా అని గోళీలు పందెం కట్టారట. వాడు రారని కట్టి, సంచీడు గోళీలు గెలిచాడు. అప్పుడు వాడికి పదకొండేళ్ళు, తిట్టడానికి కూడా లేదు. సీరియల్లో వడ్డించేవాళ్ళకూ వాడికీ తేడా లేదు కానీ, రాస్‌కూ నాకూ ఉంది. రాస్ విసుగెత్తి లేచి, కోటు తీసుకుని ఇంటికి పోగలడు. నేను లేచి ఏ ఇంటికి పోను? నేను కూర్చున్నదే మా ఇల్లు.

ఇన్నేళ్ళుగా నా మనసులో ఉన్న మాటను ఆ అమెరికావాడి ముఖం బయటికి లాగింది, రాసేస్తున్నాను. పెళ్ళిచూపులు అమ్మాయి ఇంట్లో జరగకూడదు. అమ్మాయిని చూడకూడదని నేననను. చూసుకోవాలి, అవసరమైతే పదిసార్లు చూసుకోవాలి. మొదటిసారి తడబాటు ఉంటే ఉండనివ్వండి, అది మంచిదే. కానీ ఆ తడబాటు ఇద్దరిదీ కావాలంటే ఆ చోటు ఇద్దరికీ పరాయిది కావాలి. ఇద్దరూ లేచి వెళ్ళిపోగలిగిన చోటు కావాలి.

ఇంట్లో పెడితే ఏం జరుగుతుందో కూర్చున్నదాన్ని కాబట్టి చెప్పగలను. అందరికీ ఇల్లు కనిపిస్తుంది, అమ్మాయి కనిపించదు. వచ్చినవాళ్ళ కళ్ళు ముందు దూలాలు లెక్కపెడతాయి. నేల గచ్చా, రంగుబండలా? ఫ్యాను తిరుగుతోందా? పాక ఇవతల ఎడ్లెన్ని, గేదెలెన్ని? ఇంతలో నేను పళ్ళెం పట్టుకుని వస్తాను. పళ్ళెం పట్టుకున్న మనిషి తలెత్తి చూడలేదు, కాఫీ ఒలుకుతుంది. అందుకే పళ్ళెం ఇస్తారనుకుంటాను. ఆ తర్వాత కార్డు మీద రాసి పంపినదే మళ్ళీ అడుగుతారు. ఏం చదివావమ్మా? వంట వచ్చా? ఒక పెద్దావిడ జడ పట్టుకుని కొంచెం లాగి, "అంతా నీదేనా?" అంది. నాదే. ఆమెది సవరం.

ఇందులో నాకు ఎప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. పెళ్ళయ్యాక ఇల్లు మారేది అమ్మాయి. ఆమె నలభై ఏళ్ళు వండాల్సిన వంటిల్లు, చన్నీళ్ళు తోడాల్సిన బావి, ఒదిగి పడుకోవాల్సిన గది, అన్నీ అబ్బాయి ఇంట్లో ఉన్నాయి. మరి ఇల్లు చూడటానికి ఎవరు ఎవరింటికి వెళ్ళాలి? ఆమె వదిలేసి పోయే ఇంటిని పదిమంది వచ్చి తనిఖీ చేస్తారు, ఆమె చేరబోయే ఇంటిని ఆమె తప్ప అందరూ చూస్తారు. 'ఇల్లు చూడటానికి' అని నాన్న, బాబాయి, మేనమామ కారు కట్టించుకుని వెళ్ళి భోంచేసి వస్తారు. "ఎలా ఉంది?" అని అడిగితే, "పెద్ద లోగిలి, పప్పుచారు బాగుంది" అంటారు.

మా ఆయన గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా ముప్పై ఏళ్ళు చేశారు. సీజన్లో ఆయనకు అన్నం తీసుకెళ్ళినప్పుడు, తుమ్ములు ఆపుకుంటూ నేను చూసే దృశ్యం ఒకటుంది. టిక్కీల వరస ముందు రైతు నిలబడి ఉంటాడు. కొనేవాడు వచ్చి టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తాడు. ఒక కాయ విరిచి గింజ చూస్తాడు, వాసన చూస్తాడు, రంగు చూస్తాడు, తేమ ఉందంటాడు, తాలు కలిసిందంటాడు. గుప్పెడు మళ్ళీ లోపల పడేసి ముందుకు పోతాడు. రైతు ముఖంలోకి చూడడు. నాకు ఎక్కడో చూసినట్టే ఉండేది. కానీ తేజ కాయ పండించినవాడికి ఒక వెసులుబాటు ఉంది, ధర నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని వచ్చే నెల చూసుకుంటాడు. ఇరవై రెండేళ్ళ ఆడపిల్లకు మా ఊళ్ళో కోల్డ్ స్టోరేజీ లేదు.

"మా కాలంలో చూపులే లేవు, మేం బతకలేదా?" అనేది మా నాయనమ్మ. నిజమే. పీటల మీద కూర్చోబెట్టి మధ్యన తెరసెల్లా పట్టుకుంటే, జీలకర్ర బెల్లం పెట్టి తెర దించాక ఆమె మా తాతను మొదటిసారి చూసింది. దీనికంటే గుడ్డి డేటు ఏముంటుంది? తెర దించాక వద్దనే వీలు కూడా లేదు. ఇంగ్లండులో 'బ్లైండ్ డేట్' పేరుతోనే ఒక టీవీ కార్యక్రమం 1985 నుంచి 2003 దాకా నడిచింది. అందులోనూ తెరే. తెరకు ఇవతల కూర్చున్నవాళ్ళు అవతలి ముగ్గురిని ప్రశ్నలడిగి, ముఖం చూడకుండానే ఒకరిని ఎంచుకోవాలి. మా నాయనమ్మకు చెబితే, "ముగ్గురా!" అని నోరు వెళ్ళబెట్టేది. ఆమెకు ఒక్కడే, ప్రశ్నలూ లేవు. కానీ ఒక్క విషయంలో తెరసెల్లా పెళ్ళిచూపులకంటే నయమని ఆమె వాదన. తెర రెండు పక్కలా గుడ్డే. ఆయనకూ ఆమె తెలియదు, ఆమెకూ ఆయన తెలియడు. ఆ రోజు మా తాత చేతులు వణికి జీలకర్ర బెల్లం ఆమె కంట్లో పడిందని చచ్చేదాకా నవ్వుతూ చెప్పింది.

చూడకుండా కట్టుకునేవాణ్ణి చూసి మనల్ని నవ్వించినవాడు గురజాడ. 1892లో మొదట ఆడి, 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లు డబ్బు పోసి పిల్లను కొనుక్కుంటాడు. ఆ పిల్ల కరటకశాస్త్రి శిష్యుడు మహేశం, చీర కట్టిన మగపిల్లాడు. నాటకం చూసి కడుపుబ్బ నవ్వుతాం కానీ, నవ్వు ఎవరి మీద పడిందో గమనించారా? కొనడానికి వచ్చినవాడి మీద. తర్వాత మన సినిమాల్లో పెళ్ళిచూపుల హాస్యం ఎక్కువగా అటు తిరగలేదు. పళ్ళెం జారినా, పాట శ్రుతి తప్పినా, మెల్లకన్నయినా, నత్తయినా నవ్వు వచ్చి అమ్మాయి మీదే పడింది. తెరమీద అది వచ్చినప్పుడల్లా మా అమ్మ నావైపు ఓరగా చూసేది, నేను నవ్వుతున్నానా లేదా అని. నేను నవ్వేదాన్ని. నవ్వకపోతే దొరికిపోతాను కదా.

ఆ లెక్కన చూస్తే, తెలుగులో వచ్చిన అసలైన బ్లైండ్ డేట్ కథ 'మిస్సమ్మ' అంటాను నేను. 1955 సంక్రాంతి ముందు విడుదలైంది. రాసిన చక్రపాణి మా తెనాలివాడు. మూలం బెంగాలీది, రవీంద్రనాథ్ మైత్రా 'మన్మయీ గర్ల్స్ స్కూల్', కానీ తెనాలి నీళ్ళు తగిలాక అది ఇంకెవరిదీ అనిపించదు. ఉద్యోగం లేని ఇద్దరు బీయేలు. ఒక ఊళ్ళో బడికి పంతులూ పంతులమ్మా కావాలని ప్రకటన, ఇద్దరూ భార్యాభర్తలై ఉండాలి. ఒకరికొకరు ఏమీ కాని రావూ మేరీ ఆలుమగలమని చెప్పి ఆ ఊరు చేరతారు. ఇక చూడండి. మేరీగా వేసిన సావిత్రి ముఖం చిట్లించినప్పుడల్లా థియేటరంతా నవ్వేది. ఆ సావిత్రిదీ మా జిల్లానే, తాడేపల్లి దగ్గర చిర్రావూరు.

'మిస్సమ్మ'లో నవ్వు ఎందుకు నొప్పి పుట్టించదని చాలాసార్లు ఆలోచించాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడానికి రాలేదు, జీతం కోసం వచ్చారు. ఇద్దరికీ అవసరముంది. ఇద్దరూ ఉన్నది పరాయి ఇంట్లో. బయటపడితే ఇద్దరి పరువూ పోతుంది. రావుగా వేసిన రామారావు ఎంత తిప్పలు పడతాడో సావిత్రీ అంతే తిప్పలు పడుతుంది, పైగా ఆమె కసురుతుంది, అతను పడతాడు. పళ్ళెం ఎవరి చేతిలోనూ లేదు. ఇక ప్రేమంటారా, అది చివర్లో వస్తుంది. అప్పటికి ఒకరి చిరాకు ఒకరికి బాగా తెలిసిపోయి ఉంటుంది. పెళ్ళికి ముందు తెలియాల్సింది అదే కదా.

మళ్ళీ అలాంటిది అరవై ఏళ్ళ తర్వాత చూశాను. 2016 జులైలో వచ్చిన 'పెళ్ళి చూపులు', తరుణ్ భాస్కర్ తీసింది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. గుంటూరులోనే, ఇదే మేనకోడలితో, లక్ష్మీపురం నుంచి ఆటోలో వెళ్ళి చూశాను. విజయ్ దేవరకొండ అమ్మానాన్నలతో పెళ్ళిచూపులకు వస్తాడు. అబ్బాయినీ అమ్మాయినీ, అంటే రీతూ వర్మను, మాట్లాడుకోమని ఒక గదిలోకి పంపుతారు. తలుపు ఇరుక్కుపోతుంది. బయట పెద్దవాళ్ళు తలుపుతో కుస్తీ పడుతుంటే, లోపల వీళ్ళిద్దరూ చేసేదేమీ లేక నిజాలు మాట్లాడుకుంటారు. అతనికి ఇంజనీరింగు ఎక్కలేదు, వంట చేయాలని ఉంది. ఆమెకు పెళ్ళికంటే వ్యాపారం మీద మనసు, నమ్మినవాడు మధ్యలో వదిలేసి పోయాడు. తలుపు తెరుచుకునేసరికి తేలేదేమిటంటే, అబ్బాయివాళ్ళు అడ్రసు పొరబడి వేరే ఇంటికి వచ్చారు.

హాలంతా నవ్వుతుంటే నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. ఇద్దరు తెలుగువాళ్ళు పెళ్ళికి ముందు అరగంట సూటిగా మాట్లాడుకోవాలంటే రచయితకు రెండు ప్రమాదాలు కావాల్సి వచ్చాయి. ఒకటి, ఇల్లు తప్పు కావాలి. రెండు, తలుపు చెడిపోవాలి. సరైన ఇల్లు, మంచి తలుపు ఉంటే కథే లేదు. అబ్బాయి రెండు బజ్జీలు తిని, ఉత్తరం రాస్తామని చెప్పి వెళ్ళిపోయేవాడు.

'ఫ్రెండ్స్' లాంటి హాస్య సీరియల్, అదే సిట్‌కామ్, మనకూ 'అమృతం' ఉంది కదా అంటుంది మా మేనకోడలు. ఉంది. 2001 నుంచి ఆరేళ్ళు ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు మా ఇంట్లో చపాతీ పిండి ముద్దలు ఎండిపోయేవి. అందులో అమృతరావూ ఆంజనేయులూ ఎన్ని ఎత్తులు వేసినా, చివరికి తాము తవ్విన గోతిలో తామే పడతారు. నవ్వు ఎప్పుడూ ఎత్తు వేసినవాడి మీదే. గుణ్ణం గంగరాజుకు ఆ న్యాయం తెలుసు. పెళ్ళిచూపుల్లో ఎత్తు వేసేవాళ్ళ మీద నవ్వే తెలుగు సీరియల్ ఇంకెవరైనా తీస్తారేమో.

"అదంతా మీ కాలం. ఇప్పుడు కాఫీ షాపుల్లోనే కలుస్తున్నారు కదండీ" అంటారు. అంటారని తెలిసే ఇక్కడిదాకా ఆపాను.

కలుస్తున్నారు. మా మేనకోడల్నీ కిందటేడు అలాగే పిలిచారు, శంకర్ విలాస్ సెంటర్ దగ్గర ఏసీ హోటల్. చోటు వాళ్ళు చెప్పారు, టైము వాళ్ళు చెప్పారు. ఇద్దరికీ ఒక బల్ల వేశారు. పక్క బల్ల దగ్గర అబ్బాయి అమ్మా నాన్నా అక్కా, ఆ పక్క బల్ల దగ్గర మా తమ్ముడూ మరదలూ నేనూ. అబ్బాయి ఒక మాట అని అమ్మ వైపు చూస్తాడు. మా పిల్ల జవాబు చెబితే అక్క తల పంకిస్తుంది. నలభై నిమిషాల తర్వాత బిల్లు వచ్చింది. వెయిటర్ ఎవరికి ఇవ్వాలా అని ఒక్క క్షణం తటపటాయించి, మా తమ్ముడి ముందు పెట్టాడు. వాడికెవరు చెప్పారు? ఆ చదువు వెయిటర్లకు ఎక్కడ నేర్పుతారు? ఆ సంబంధానికి 'జాతకాలు కలవలేదు' అని వాట్సాప్‌లో వచ్చింది. జాతకాలు చూసుకునే కలిశారని గుర్తు చేద్దామన్నాను, మా తమ్ముడు వద్దన్నాడు.

అమెరికా సంబంధం ఒకటి వీడియో కాల్‌లో జరిగింది. అబ్బాయి తల్లి అటు నుంచి మర్యాదగానే మాట్లాడి, చివర్లో, "అమ్మాయ్, ఫోను ఒకసారి తిప్పి ఇల్లంతా చూపించవూ" అంది. పదమూడు వేల కిలోమీటర్ల అవతల కూర్చుని దూలాలు లెక్కపెట్టింది! మా పిల్ల, "ఆంటీ, మీరు కూడా తిప్పండి" అంది. కాల్ కట్టయింది. సిగ్నల్ పోయిందని మా మరదలు ఇప్పటికీ నమ్ముతుంది.

కాబట్టి ఇంటి గోడలు దాటితే సరిపోదు, కాఫీ షాపులోకి వసారాను మోసుకుపోతున్నాం. చోటు అమ్మాయి చెప్పాలి, కనీసం సగం సార్లు. పెద్దవాళ్ళు ఆ రోజుకు ఇంట్లో ఉండాలి. మరీ గుబులైతే వీధి చివర ఉండండి, పక్క బల్ల దగ్గర వద్దు. ఎవరి కాఫీకి వాళ్ళే డబ్బులిచ్చుకోవాలి. నా లెక్కలో ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే అప్పు లేని మనిషి లేచి వెళ్ళగలడు. వద్దనుకుంటే జాతకాల మీదా అమావాస్య మీదా నెట్టకుండా, ఆ అబ్బాయో ఆ అమ్మాయో స్వయంగా ఫోన్ చేసి వద్దని చెప్పాలి. ఆ ఫోన్ చేయడం చాలా ఇబ్బంది. ఇబ్బందిగానే ఉండనివ్వండి. మా అమ్మ తోలు బజ్జీలు రెండోసారి వేయించినంత ఇబ్బంది మాత్రం కాదు.

పల్లెటూళ్ళలో ఇవన్నీ కుదరవనీ, కాఫీ షాపులు ఎక్కడుంటాయనీ అడగొచ్చు. గుళ్ళు లేవా? ఇది నేను కనిపెట్టింది కాదు. సంబంధం బయటపడకముందే, పరువు పోకుండా మంగళగిరిలోనో పెదకాకానిలోనో దర్శనానికి వచ్చినట్టు వచ్చి చూసుకున్న కుటుంబాలు మా పెద్దవాళ్ళ కాలంలోనూ ఉన్నాయి. కోటప్పకొండ తిరనాళ్ళలో, ప్రభల కింద జనంలో, ఎవరు ఎవరిని చూశారో శివుడికే తెలియాలి. గుడిలో ఎవరూ పళ్ళెం పట్టుకోరు. మంగళగిరి పానకాలస్వామి పానకం పోస్తే సగం తాగి సగం వెనక్కి ఇస్తాడంటారు. సగం సగం అనే లెక్క తెలిసిన దేవుడు, అక్కడ చూసుకోవడమే న్యాయం.

ఆడపిల్లను ఒంటరిగా ఎలా పంపుతామనే భయం మాత్రం కొట్టిపారేసేది కాదు. స్నేహితురాలిని తోడు తీసుకెళ్ళమనండి, పట్టపగలు జనమున్న చోట కలవమనండి. కానీ ఒక్క మాట. గంటసేపు హోటల్లో కలిసి కూర్చోనివ్వడానికే భయమేసే మనిషి ఇంటికి, జన్మంతా ఉండమని పిల్లను పంపడానికి భయం వేయదా?

నా సంగతి చెప్పలేదు. మా ఇంట్లో తొమ్మిది సార్లు పళ్ళెం పట్టుకున్నాక, 1990లో నాకు ఉద్యోగం వచ్చింది, నరసరావుపేట వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో. వచ్చిన రెండో నెలలో, ఒక మధ్యాహ్నం మూడో తరగతికి ఎక్కాలు చెబుతుంటే, వరండాలో ఎవరో మనిషి నిలబడ్డాడని పిల్లలు చెప్పారు. మధ్యవర్తి ఆయన్ను మా ఊరు పంపబోయి, నేను బడి దగ్గరే గది తీసుకుని ఉంటున్నానని తెలిసి ఇటు పంపాడట. తెల్లచొక్కా, చంకల కింద చెమట. బస్సు దిగుతుంటే ఒక చెప్పు తెగిందట, అది చేతిలో పట్టుకుని ఉన్నాడు. నా చేతులనిండా సుద్దపొడి.

"మీరు క్లాసు చెప్పుకోండి, నేను ఆగుతాను" అన్నాడు.

గంట కొట్టేదాకా ముప్పావుగంట ఆగాడు. లోపల నలభై మంది పిల్లలు ఎక్కాలు మానేసి కిటికీలోంచి ఆయన్ను చూస్తున్నారు. ఆయన వాళ్ళను చూడలేక, వేపచెట్టును చూస్తూ నిలబడ్డాడు. నా పెళ్ళిచూపుల్లో మొదటిసారి, చూడబడుతున్నది నేను కాదు. బయటికొచ్చి, "జీతమెంత?" అని నేనే అడిగాను. మిరపకాయల కమిషన్ కొట్లో గుమాస్తాననీ, సీజన్లో కాస్త ఎక్కువ వస్తుందనీ, మిగతా రోజుల్లో ఎంతో నిజమే చెప్పాడు. చాలా తక్కువ. ఏమైనా అడగాలా అంటే, "ఇక్కడ చెప్పులు కుట్టేవాళ్ళు ఎక్కడుంటారండీ?" అన్నాడు. చెప్పాను. ఇంకో గంట కొట్టారు. "క్లాసుంది" అని లోపలికి వెళ్ళిపోయాను. వెళ్ళిపోవచ్చు కదా, అది మా ఇల్లు కాదు. కిటికీలోంచి చూస్తే, చెప్పు చేత్తో పట్టుకుని ఎండలో ఒక కాలు ఎత్తెత్తి వేస్తూ నడిచిపోతున్నాడు.

వచ్చే ఆదివారం మా మేనకోడలికి ఇంకో సంబంధం. అబ్బాయిదీ హైదరాబాదే. మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, ఇంటికి రమ్మందామా? నువ్వొచ్చి బజ్జీలు వేస్తే బాగుంటుంది" అన్నాడు. గోళీల సంచి సంగతి గుర్తు చేశాను, ఇంక మాట్లాడలేదు. పిల్లే ఒక చోటు చూసుకుంది, మాదాపూర్లో. ఒక్కతే వెళుతుంది. నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగింది.

"అత్తా, వాడు రాకపోతే?"

"రాకపోతే నీకు కావాల్సింది వేడిగా తెప్పించుకుని తిను. బిల్లు కట్టు. ఇంటికి రా."